దూరపు కొండలు, దగ్గరి బాటలు

సంక్రాంతికి ఇంకా రెండు నెలలున్నది. అయినా మన ఇళ్ళలో సెలవుల మాట అప్పుడే మొదలయింది. పుదుచ్చేరిలోను, చెన్నపట్నంలోను, హైదరాబాదులోను, సముద్రాలకవతల దేశాలలోను ఏళ్ళ తరబడి స్థిరపడిన మన కుటుంబాలవారు పండుగకు యానాం రావడం, అగ్రహారంలో పెద్దవాళ్ళను చూసుకొని, భోగిమంట వేసుకొని తిరిగిపోవడం ఆనవాయితీ. ఈమధ్య ఆ ఆనవాయితీకి కొత్త కొసరు ఒకటి చేరింది. పిల్లలు పండుగతో తృప్తిపడటం లేదు. "మారేడుమిల్లి పోదాం, సైకిళ్ళతో కొండ ఎక్కుదాం" అంటున్నారు. తండ్రులు "సరే, చూద్దాం" అంటున్నారు. తల్లులు మాత్రం "కొండలేమిటి, సైకిళ్ళేమిటి, కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకోవడానికా?" అంటున్నారు. అమ్మమ్మగారు ఒక్క మాటతో తేల్చేస్తారు: "కనుమనాడు కాకి కూడా కదలదు. వెళ్ళేదేదో ముక్కనుమ దాటాక వెళ్ళండి."

ఈ నలుగురిలో ఎవరి మాట న్యాయమంటే, నలుగురిదీ న్యాయమే. పిల్లల ఉత్సాహాన్ని కాదనకూడదు. తల్లుల భయాన్ని కొట్టిపారెయ్యకూడదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న పని ఒక్కటే, సరియైన బాటను ఎంచుకోవడం. ఈ నెల మన శీర్షికలో ఆ సంగతి ముచ్చటించుకుందాము.

ముందుగా ఈ కొండ సైకిలు ఎక్కడ పుట్టిందో రెండు ముక్కలు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన మారిన్ కౌంటీ అనే చోట, టామల్పాయస్ అనే కొండ చుట్టుపక్కల, కొందరు కుర్రవాళ్ళు పాతకాలపు బరువైన సైకిళ్ళు బాగుచేసుకొని కొండ దిగడం వేడుకగా పెట్టుకున్నారు. 1976 అక్టోబరు 21న ఒక మట్టిదారిన తొలి పందెం జరిగింది. ఆ దారి 3 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సుమారు 400 మీటర్లు దిగుతుంది. పెడలు వెనక్కు తొక్కితే పట్టే బ్రేకులు వాళ్ళవి. ఒక్కసారి కొండ దిగేసరికి చక్రం నడుమనున్న గ్రీజు కాలి పొగలయి పోయేది. మళ్ళీ గ్రీజు కూరితేగాని సైకిలు పనికిరాదు. అందుకని ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. మరుసటి ఏడాది, 1977లో, జో బ్రీజ్ అనే ఆయన కొండదారికోసమే కొత్తగా ఫ్రేము కట్టి సైకిలు చేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి అటువంటి సైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. 1996 నాటికి అట్లాంటా ఒలింపిక్సులో అది ఒక పోటీ అయి కూర్చున్నది.

ఈ కథ వేడుకకు చెప్పలేదు. కొండ సైకిలు పుట్టుకలోనే బ్రేకు కాలిన వాసన ఉన్నదని గుర్తు చెయ్యడానికి చెప్పాను. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అనుకుంటారు చాలామంది. ఎక్కేటప్పుడు మనిషి అలిసిపోతాడు, అంతే. దెబ్బలు తగిలేది దిగేటప్పుడే.

దూరపు కొండలు నునుపు అని సామెత. మన డెల్టావాళ్ళకు అది మరీ నిజం. గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున కూర్చున్న ఊరు మనది. మెట్టకూరు నుంచి దరియాలతిప్ప దాకా తిరిగినా కొండ మాట అటుంచి, చెప్పుకోదగ్గ దిబ్బ కూడా కనబడదు. యానాముకూ ఎదుర్లంకకూ మధ్య 2002లో బాలయోగి వంతెన వచ్చేదాకా పంటు మీద ఏరు దాటిన వాళ్ళము. ఇవాళ్టికీ మన పిల్లలకు తెలిసిన పెద్ద ఎత్తు ఆ వంతెనే. అటువంటి చోటినుంచి ఒక్కసారిగా మన్యం కొండల మీదికి పోతున్నామంటే, కొంత లెక్క చూసుకొని పోవాలి గదా.

విదేశాలలో ఉన్న మన పిల్లలు ఇక్కడ ఒక మాట అడుగుతారు: "అక్కడ బాట మొదట్లోనే గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ అంటే తేలిక, నీలం అంటే మధ్యరకం, నలుపు అంటే కష్టం. ఇక్కడ ఆ గుర్తులెక్కడ?" నిజమే. మంచు మీద జారే ఆటలో పెట్టుకున్న ఆ గుర్తులనే సైకిలు బాటలకు కూడా వాడుకున్నారు. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ కొండ సైకిలు సంఘం వారి లెక్క ప్రకారం, సగటున నూరు మీటర్ల నడకకు 5 మీటర్లకు మించి ఎక్కని బాట ఆకుపచ్చ, 10 మీటర్ల లోపు నీలం, 15 మీటర్ల లోపు నలుపు. వాలు ఒక్కటే కాదు, బాట వెడల్పు, రాళ్ళు, అడ్డంకులు కూడా చూస్తారు. ఆ గుర్తులు ఉన్నచోట చాలా బాటలు సైకిలుకోసమే కట్టినవి. మన కొండలలో కాలిబాటలు మనుషులు నడవడానికి, పశువులు తోలుకోవడానికి పుట్టినవి. వాటికి ఎవరూ రంగు వెయ్యలేదు. ఆ రంగు మన ఇంట్లో మనమే వేసుకోవాలి.

ఎలా వేసుకోవడం? బయలుదేరేముందు ఇంటిల్లిపాదీ కూర్చొని అయిదు ప్రశ్నలకు జవాబులు వ్రాసుకుంటే సరిపోతుంది.

మొదటి ప్రశ్న: మనలో అందరికన్నా బలహీనులెవరు? ఇదే అసలు ప్రశ్న. మామూలుగా ఏమి జరుగుతుందంటే, కాలేజీలో చదివే పెద్దవాడు బాట ఎంచుతాడు. వాడి కాళ్ళకు అది చాలినంత ఉంటుంది. వాడి వెనక పన్నెండేళ్ళ చెల్లెలు, ఆవిడ వెనక నలభై అయిదేళ్ళ బాబయ్య. మొదటి గంటలో వాడు ముందు పోయి చెట్టుకింద కూర్చుంటాడు. వీళ్ళు రొప్పుతూ చేరేసరికి వాడి విశ్రాంతి అయిపోయి, "పదండి" అంటాడు. అంటే బలవంతుడికి విశ్రాంతి, బలహీనుడికి లేదు. రెండో గంటకు బాబయ్యగారికి కోపం వస్తుంది. మూడో గంటకు చెల్లెలు ఏడుస్తుంది, లేదా అన్నను అందుకోవాలనే పంతంతో దిగుడులో బ్రేకు వదిలేస్తుంది. చాలా ప్రమాదాలకు మూలం ఆ పంతమే. కాబట్టి బాటకు కొలత ఆ చెల్లెలు కావాలి. ముందు నడిచేది కూడా ఆమే కావాలి. పెద్దవాడు వెనకాల రావాలి. వాడికి బలం ఎక్కువైతే అందరి నీళ్ళసీసాలూ, పనిముట్లూ వాడి వీపునే వెయ్యండి. దెబ్బకు సరిసమానమవుతారు.

రెండవ ప్రశ్న: బాట ఎంత ఎత్తు ఎక్కుతుంది? దూరం అడిగి ఊరుకుంటారు మన వాళ్ళు. "పదే కిలోమీటర్లు గదా" అంటారు. పది కిలోమీటర్లు మన కాలవగట్టు మీద ముప్పావు గంట. కొండమీద అది ఒక పూట కావచ్చు. ఎత్తు తెలుసుకోవడానికి పటం చదవడం నేర్పండి పిల్లలకు. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా వారి పటాలలో 1:50,000 కొలతవి ఉన్నవి. అందులో ఒక సెంటీమీటరు అంటే నేలమీద అర కిలోమీటరు. వాటిమీద సన్నని గోధుమరంగు గీతలు వంకరలు తిరుగుతూ ఉంటవి. వాటిని కాంటూరు రేఖలంటారు. సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకు ఒక గీత. మన బాట ఒక సెంటీమీటరులో ఒక గీతను దాటితే నూటికి 4 వంతుల వాలు, హాయిగా తొక్కవచ్చును. రెండు గీతలు దాటితే నూటికి 8, చెమటలు పడతవి. అయిదు గీతలు దాటిందంటే అర కిలోమీటరులో నూరు మీటర్లు, నూటికి 20 అన్నమాట. అక్కడ సైకిలు మనల్ని మొయ్యదు, మనమే సైకిలును మొయ్యాలి. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెయ్యగలరు. వాళ్ళచేతనే చేయించండి. బాట ఎంచడంలో తమకూ చెయ్యి ఉన్నదనుకుంటే, వద్దన్న బాట జోలికి వాళ్ళే పోరు.

మూడవ ప్రశ్న: ఎంతసేపు పడుతుంది, వెలుగు ఎంతసేపు ఉంటుంది? 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన కొండ నడకకు ఒక లెక్క చెప్పాడు. సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకొక గంట. అది నడకకు చెప్పినదే అయినా, కొత్తవాళ్ళు కొండబాటమీద సైకిలుకు కూడా అదే వేసుకోవడం క్షేమం. 12 కిలోమీటర్ల బాట, 300 మీటర్ల ఎత్తు అనుకుందాం. లెక్క ప్రకారం మూడు గంటలు. దానికి ఒక పంక్చరు, రెండు విశ్రాంతులు, ఒక వాగు దగ్గర ఫొటోల కోలాహలం కలిపితే నాలుగున్నర. మన దేశపు గడియారం నడిపే 82½ డిగ్రీల రేఖ మనకు కాస్త తూర్పుగానే పోతుంది గనుక, మన ప్రాంతంలో గడియారమూ సూర్యుడూ ఇంచుమించు కలిసే నడుస్తారు. జనవరిలో ఆరున్నరకు పొద్దు పొడిచి, సాయంత్రం ఆరుకు ముందే కుంకుతుంది. లోయలో అంతకు గంట ముందే నీడ పడుతుంది. కాబట్టి ఏడింటికి బయలుదేరి, మధ్యాహ్నం భోజనానికి విడిదికి చేరే బాటే బాట. వెనుదిరిగే వేళ ఇంట్లోనే నిర్ణయించుకోండి. "పదిన్నరకు ఎక్కడున్నా వెనక్కు తిరుగుతాము" అని. జలపాతం ఇంకో మలుపులోనే ఉన్నదని ఎవరు చెప్పినా వినకండి. జలపాతం ఎక్కడికీ పోదు.

నాలుగవ ప్రశ్న: నేల ఎటువంటిది, మన సైకిలు ఎటువంటిది? ఇంట్లో ఉన్న పాత సైకిలును చూచి "ఇది ముప్పై ఏళ్ళనుంచి తిరుగుతున్నది, కొండ ఎక్కదా?" అంటారు తాతగార్లు. తాతగారి సైకిలును నేను చిన్నబుచ్చను. బియ్యం బస్తాను, ఇద్దరు పిల్లలను కలిపి మోసిన వాహనం అది. కాని దానికి ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక 18 ఉన్నవనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. చదునునేల మీద అది లాభం, ఎత్తుమీద అది శిక్ష. కొండ సైకిలుకు ముందు 32, వెనక 42 పళ్ళు పెట్టుకొనే వీలుంటుంది. అప్పుడు పెడలు ఒక చుట్టుకు చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. మెల్లగా పోతుంది గాని, మోకాళ్ళు మిగులుతవి. అంతకన్నా ముఖ్యం బ్రేకులు. రిమ్మును ఒత్తే రబ్బరు ముక్కలు పొడుగాటి దిగుడులో వేడెక్కి పట్టు తప్పుతవి. డిస్కు బ్రేకులు మేలు, అయినా అవీ వేడెక్కుతవి. కొండ బ్రేకులకోసం వేచి ఉండదు. మనమే మధ్యమధ్య ఆగి చల్లారనివ్వాలి.

అయిదవ ప్రశ్న: ఆ బాట ఎవరిది? ఈ ప్రశ్న మన వాళ్ళు ఎన్నడూ వేసుకోరు. అందుకని కాస్త విపులంగా చెబుతాను.

మన్యంలో బాట అంటే ఊరికీ ఊరికీ మధ్య మనుషుల రాకపోకల దారి. దానివెంట కొండరెడ్లు, కోయలు, కొండదొరలు సంతకు పోతారు. చింతపండు, చీపుళ్ళు, అడ్డాకులు మోసుకుపోతారు. పిల్లలు బడికి పోతారు. మనం పైనుంచి గంట మోగించుకుంటూ దిగుతూ ఉంటే, ఎదురుగా తలమీద మోపు పెట్టుకొని ఒక ఆవిడ ఎక్కి వస్తూ ఉంటుంది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. మోపు మోస్తున్న మనిషి చటుక్కున పక్కకు తొలగలేదు. తొలగవలసింది మనమే. అంటే ఆ మలుపులో ఆగగలిగినంత మెల్లగానే దిగాలి. ఆమె కనబడగానే సైకిలు దిగి, లోయవైపు మనం నిలబడి, కొండవైపు ఆమెకు దారి ఇవ్వాలి. వారం వారం సంత జరిగే రోజున ఆ బాటన సైకిళ్ళు తీసుకుపోకపోవడం ఇంకా మంచిది. ఏ ఊరి సంత ఏ వారమో ముందే అడిగి తెలుసుకోండి. ఇంట్లో బలహీనులను కొలతగా పెట్టుకోవాలన్నాను. బాటమీద బరువు మోసేవారిని కూడా ఆ లెక్కలోనే చేర్చుకోండి. అప్పుడుగాని లెక్క పూర్తికాదు.

ఇక అడవి సంగతి. పాపికొండల ప్రాంతం 2008 నుంచి జాతీయ ఉద్యానం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అటువంటి అడవిలోకి అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. అక్కడ అడవిదున్నలున్నవి, ఎలుగులున్నవి. చప్పుడు లేకుండా వచ్చే సైకిలు వాటికి ఎంత భయమో, మనకు అవి అంత ప్రమాదం. అటవీశాఖవారిని అడిగి, వారు చూపిన బాటనే, పగటిపూటనే పోవాలి. ఊరి కాలిబాట అయితే ఆ ఊరి పెద్దలను అడగాలి. అడవిమీద ఆ ఊళ్ళవారికి ఉన్న హక్కులను 2006 నాటి చట్టం గుర్తించింది. దారి చూపడానికి ఆ ఊరి మనిషినే వెంట పెట్టుకోండి. బేరం ఆడకుండా కూలి ఇవ్వండి. ఆయన సైకిలు తొక్కడేమో, అయినా ఏ వాగులో నీరు మోకాలిలోతు, ఏ రాయి జారుడు, ఆయనకు తెలిసినట్లు మన చేతిలోని ఫోనుకు తెలియదు. చాలాచోట్ల ఆ ఫోనుకు సంకేతమే అందదు. పటం ముందే ఫోనులో దింపుకొని, కాగితం మీద కూడా ఒక ప్రతి ఉంచుకోండి.

అయిదు ప్రశ్నలూ అయినవి. ఇక ఎక్కడికి పోవాలన్నది చూద్దాము. నా సలహా మూడు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు మన ఇంటి ముందే ఉన్నది. కొండ లేనిచోట కొండకు తయారవడం ఎలాగంటారా? మనకు గాలే కొండ. ఉదయం అగ్రహారం నుంచి బయలుదేరి, ఇంజరం మీదుగా ద్రాక్షారామం పోయి భీమేశ్వరస్వామిని దర్శించుకోండి. పంచారామాలలో ఒకటి, రమారమి ఇరవై, పాతిక కిలోమీటర్లు. మధ్యాహ్నం తిరుగుముఖం పట్టేసరికి సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. ఆ గాలికెదురుగా రెండు గంటలు తొక్కినవాడికి మెట్ట ఎక్కడమంటే ఏమిటో సగం తెలిసినట్లే. బాలయోగి వంతెన తెల్లవారుజామున, బండ్లు పలచగా ఉన్నప్పుడు, అంచున నాలుగుసార్లు ఎక్కి దిగండి. పుంతదారుల్లో పడి పోండి. గతుకులలో సీటుమీదనుంచి కొంచెం లేచి, రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, చక్రం ముందు కాక పది గజాల దూరం చూస్తూ పోవడం అక్కడ నేర్చుకోవాలి. ముందు బ్రేకు బలమైనది, దాన్ని వేలితో మెల్లగా నొక్కాలి, పిడికిలితో కాదు. ఇసుకలో ఒకసారి పడితే ఆ పాఠం జన్మకు మరచిపోరు. ఏటిగట్టు మీద మాత్రం వానపడిన మర్నాడు తొక్కకండి. మెత్తబడిన గట్టుమీద చక్రాల గాళ్ళు పడితే నీరు అక్కడే కోత పెడుతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవారిని అడగండి, గట్టు విలువ చెబుతారు. కోరంగి మడ అడవికి పోయేవారు సైకిలు బయట ఉంచి చెక్కదారిన నడిచే చూడండి.

ఈ మెట్టుకు ఆరు వారాలు కేటాయించండి. వారానికి మూడు రోజులు చాలు. సముద్రాలకవతలి పిల్లలు తమ ఊళ్ళోనే ఆ అభ్యాసం చేసుకొని రావచ్చును.

రెండవ మెట్టు అరకు. కొండదారి మొదటిసారి ఎక్కే కుటుంబానికి మారేడుమిల్లికన్నా అరకే మేలని నా అభిప్రాయం. కారణం చెబుతాను. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తు మనం తొక్కి ఎక్కవలసిన పని లేదు. 1960లలో కట్టిన కొత్తవలస, కిరండూలు రైలుమార్గం సొరంగాలు దాటించి మనల్ని పైకి చేరుస్తుంది. దారిలో శిమిలిగుడ స్టేషను 997 మీటర్ల ఎత్తున వస్తుంది. సైకిళ్ళను సామానుగా బుక్ చేసే వీలు ముందురోజే స్టేషనులో విచారించుకోవాలి. లోయలోకి చేరాక ఊళ్ళమధ్య దారులు పెద్ద ఎత్తుపల్లాలు లేకుండా, పొలాల మధ్యగా పోతవి. అలిసినవాళ్ళు ఎక్కడ ఆగినా రోడ్డు దగ్గరే. అనంతగిరి ఘాటు రోడ్డు మీద మాత్రం పిల్లలతో సైకిలు దిగకండి. మలుపు మలుపుకూ బస్సులు, కార్లు. కొండగాలి హాయిగా తగులుతున్నదని దిగుతారు, ఎదురుగా వచ్చే లారీకి ఆ హాయి తెలియదు.

మూడవ మెట్టు రంపచోడవరం, మారేడుమిల్లి. యానాం నుంచి రాజమహేంద్రవరం, అక్కడినుంచి గోకవరం మీదుగా రంపచోడవరం. అల్లూరి సీతారామరాజు 1922 నుంచి 1924 దాకా నడిపిన పోరాటంతో పేరెక్కిన మన్యం అది. పిల్లలకు ఆ కథ చెప్పి తీసుకుపోండి. ఏ బాటన ఎవరు నడిచారో తెలిస్తే నేలను చూసే చూపు మారుతుంది. విడిది రంపచోడవరంలో పెట్టుకొని, మొదటిరోజు భూపతిపాలెం జలాశయం వైపు, రంప జలపాతం వైపు చిన్న చిన్న చుట్లు తిరగండి. పెద్దవాళ్ళు కూడా కారులో వచ్చి కలుసుకోవచ్చును. అందరి కాళ్ళూ, బ్రేకులూ బాగున్నవని తేలాకనే మారేడుమిల్లి. మారేడుమిల్లి, చింతూరు ఘాటులో మలుపులు దగ్గర దగ్గరగా ఉంటవి, సెలవురోజుల్లో బండ్లు ఎక్కువ. అక్కడ ఆ పెద్దరోడ్డు కాకుండా, అనుమతి ఉన్న బాట, వెంట ఊరి మనిషి, ఈ రెండూ ఉంటేనే బయలుదేరండి. లేకపోతే సైకిళ్ళు విడిదిలో ఉంచి, జలతరంగిణి జలపాతం చూసి, బొంగులో కూర తిని తిరిగి రండి. సెలవు చెడిపోయిందని ఎవరూ అనరు.

కాలం విషయం. వానాకాలంలో మన్యం అందంగా ఉంటుందని ఫొటోలు చూసి ముచ్చటపడతారు. జూను నుంచి సెప్టెంబరు దాకా వాగులు ఒక్క గంటలో పొంగుతవి, రాళ్ళు పాచిపట్టి జారుతవి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1996 నవంబరు మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే కొత్తవాళ్ళకు అనువైన కాలం.

సంచిలో ఏముండాలి? మనిషికి గంటకు అరలీటరు పైగా నీరు. అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, అరటిపళ్ళు. కాజాలు ఇంటికి వచ్చాక తినవచ్చును, దారిలో దాహం పెంచుతవి. పంపు, రెండు ట్యూబులు, ప్యాచీలు, చైను కలిపే లింకు, రెంచీలు. తలకు హెల్మెట్టు ప్రతివారికీ, తండ్రిగారితో సహా. గాయాలకు దూది, గుడ్డపట్టీలు. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉన్నది, 108 బండి ఉన్నది. అయితే ఫోను పలికే చోటికి ఎవరు పోతారో ముందే అనుకోవాలి. అందుకని నలుగురికి తక్కువ కాకుండా వెళ్ళాలి. ఒకరు పడితే ఒకరు దగ్గర ఉంటారు, ఇద్దరు కబురుకు పోతారు. మన్యంలో మలేరియా ఉన్నది గనుక రాత్రిళ్ళు దోమతెర, సాయంత్రం నిండుచేతుల చొక్కా మరవకండి. తిరిగివచ్చిన నెలలోపు జ్వరం వస్తే, మన్యం వెళ్ళివచ్చామని వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఈ ఒక్క మాట ప్రాణాలు నిలబెట్టగలదు.

ఇంకొక మాట ఆడపిల్లల గురించి. "అబ్బాయిలు వెళ్ళనీ, అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అనే మాట ఇంకా కొన్ని ఇళ్ళలో వినబడుతున్నది. బడికి రోజూ సైకిలు తొక్కే పిల్ల, ఏడాదికి ఒకసారి తొక్కే అన్నకన్నా బాగా తొక్కగలదు. భయం బాటమీద ఉంటే బాట మార్చండి, పిల్లను ఆపకండి. పై లెక్కలన్నీ ఆమె చేతనే వేయించి చూడండి. చాలా ఇళ్ళలో జాగ్రత్త అయిన సారథి ఆమే అవుతుంది.

దిగి నడవడంలో సిగ్గు లేదని చివరగా చెబుతాను. బాటలో భయం వేసినచోట సైకిలు దిగి నడిపించుకుపోయే స్వేచ్ఛ అందరికీ ఉండాలి. ఎవరు దిగినా ఎవరూ నవ్వకూడదు. ఈ నియమం ఇంట్లోనే పిల్లలచేత ఒప్పించండి. ఒకరు దిగితే అందరూ దిగాలని పెట్టుకున్న కుటుంబం ఇంకా తెలివైనది.

క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మని మన పెద్దలు గడపలో నిలబడి సాగనంపుతారు. అందులో క్షేమం ముందు, లాభం తరువాత. ఈ సంక్రాంతికి మీ ఇంట ఏ బాట ఎంచుకున్నారో, దాన్ని ఎవరి కొలతన ఎంచుకున్నారో, తిరిగి వచ్చాక మన పత్రికకు ఒక ఉత్తరం వ్రాయండి. వచ్చే ఏడాది వెళ్ళేవారికి మీ ఉత్తరమే దారి చూపే గుర్తవుతుంది.